చిగుళ్లు గిల్లినంత మాత్రాన కొమ్మలు దట్టం కావు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఉగాది దాటిన తర్వాత ఒక ఆదివారం మీ అనుబంధంలో ఇంటి డాబా మీద బోన్సాయ్ పెంచుకోవడం గురించి ఒక పేజీ వ్యాసం వేశారు. ఆ పేజీని కత్తిరించి దాచుకున్నాను. కుండీ గురించి, మట్టి గురించి, వేళ్ల కత్తిరింపు గురించి రాసినవి బాగున్నాయి. కానీ చివరి పేరాలో ఒక మాట ఉంది: కొత్త చిగురు కనబడగానే గోటితో తుంచేస్తూ ఉంటే కొమ్మలు వాటంతటవే దట్టమవుతాయని. ఆ మాటను సవరించి మళ్లీ అచ్చు వేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు ఆ సలహాతో పోయినవి నాలుగేళ్లు. మా వీధిలో ఒక పిల్లకు ఈ ఎండాకాలం పోయింది. చదివినవాళ్లలో ఇంకెందరు రోజూ పొద్దున్నే గోళ్లతో కుండీల ముందు కూర్చుంటున్నారో అని బాధగా ఉంది.

నేను విద్యుత్ శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు లైన్‌మన్‌గా చేసి విరమించాను. దేవరకొండ, మల్లేపల్లి, హాలియా, చివరికి నల్గొండ. వానలు పడేలోపు లైన్ల కింద పెరిగిన చెట్ల కొమ్మలు కొట్టడం ఏటా ఎండాకాలంలో మా పని. ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపినట్టు అనుమతి, తీసుకుని, వెదురు గడకు కొడవలి కట్టి, వేప, చింత, కానుగ, తుమ్మ ఏది అడ్డం వస్తే అది కొట్టేవాళ్లం. అదే చెట్టు, అదే చోటు, ప్రతి ఏడూ. అందువల్ల కొట్టిన కొమ్మ తర్వాత ఏం చేస్తుందో పుస్తకం చదవకుండానే చూశాను. మొద్దు చివర పిడికెడు చిగుళ్లు ఒకేసారి లేస్తాయి. అన్నీ ఒకదానితో ఒకటి పోటీపడి నిటారుగా తీగ వైపే పోతాయి. మళ్లీ కొడతాం. పదేళ్లకు అక్కడ మనిషి తలంత బొడిపె కడుతుంది, దాని మీద చీపురు కట్ట నిలబెట్టినట్టు పుల్లలు. దూరం నుంచి చూస్తే దట్టంగానే ఉంటుంది. దగ్గరికి వెళితే ఒక్క కొమ్మకైనా పంగ ఉండదు.

బోన్సాయ్‌లో దట్టం అంటే పంగలు. మొదలు నుంచి లావు కొమ్మ, అది రెండుగా చీలి కొంచెం సన్నం, అవి మళ్లీ రెండేసిగా చీలి ఇంకొంచెం సన్నం, ఇలా చీలుతూ చివరికి సూది రెమ్మలుగా ముగియాలి. ప్రతి చీలికలో దూరం తగ్గాలి, లావు తగ్గాలి. చేతిలో పట్టేంత చెట్టు నూరేళ్ల చెట్టులా కనబడేది అందుకే. ఆకులన్నీ రాల్చినప్పుడు చూస్తే తెలుస్తుంది ఎవరు చెట్టు పెంచారో, ఎవరు పొద పెంచారో.

మా చింత సంగతి చెబుతాను. మల్లేపల్లి వైపు ఒక ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పగులులో చింతమొక్క మొలిచింది. ఏటా నరికేవాళ్లం, ఏటా లేచేది. 2006లో మృగశిర వానలు మొదలైనప్పుడు గద్దెకు మరమ్మతు చేస్తుంటే వేళ్లతో సహా ఊడి వచ్చింది. మొదలు నా మణికట్టంత, ఎత్తు జానెడు. పారేయడానికి మనసు రాలేదు. తడి గోనెసంచిలో చుట్టి సైకిలు మీద ఇంటికి తెచ్చి, పగిలిన సిమెంటు తొట్టిలో పెట్టాను. మరుసటి ఏటికి ఏడు రెమ్మలు వేసింది. చిగుళ్లు తుంచుతూ ఉండమని అప్పుడు ఎవరో చెప్పారు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, ఎర్రటి లేత చిగురు బియ్యపు గింజంత కాగానే గిల్లేవాణ్ణి. 2010 చివరికి కూడా ఆ రెమ్మలు అగ్గిపుల్ల లావు దాటలేదు. మణికట్టంత మోడుకు దారప్పోగులు అతికించినట్టు ఉండేది. కింది రెమ్మలు రెండు ఎండిపోయాయి.

కారణం తెలిస్తే చాలా తేలిక. కొమ్మ లావెక్కడానికి కావలసిన తిండి ఆకులే తయారు చేస్తాయి. ఆకు విప్పుకోకముందే గిల్లితే ఉన్న నిల్వ ఖర్చు కావడం తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు. మా అమ్మకు ఈ సంగతి తెలుసు. ఎండాకాలంలో పప్పులోకి చింతచిగురు దూయడానికి వెళ్తే, నిరుడు దూసిన మండను ఈ ఏడు ముట్టుకునేది కాదు, కోలుకోనివ్వాలనేది. ఆమె కొడుకునై ఉండి నాలుగేళ్లు ఆ మాట గుర్తు చేసుకోలేకపోయాను.

2011 ఎండాకాలంలో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక నర్సరీలో బోన్సాయ్ చెట్ల పని చూసే పెద్దాయనకు ఫోనులో మా చింత ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, కత్తెర అటక మీద పెట్టు, దసరా దాకా దించకు అన్నాడు. రోజూ నీళ్లు, పదిహేను రోజులకోసారి ఆముదం పిండి నానబెట్టిన నీళ్లు, నిండా ఎండ, అంతే. అలాగే చేశాను. దసరాకు కొమ్మలు రెండడుగులు దాటాయి, పెన్సిలంత లావయ్యాయి. మళ్లీ వెళ్లి చూపిస్తే ఇంకా ఆగమన్నాడు. వచ్చే మృగశిర దాకా.

2012 మృగశిర ప్రవేశించిన మూడో రోజు పొద్దున కోశాను. చూపుడు వేలంత అయిన కొమ్మలకు కత్తెర చాలలేదు, చిన్న రంపం పట్టాను. మూడడుగుల కొమ్మలు ఒక్కొక్కటీ రెండంగుళాలు ఉంచి తీసేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. చెట్టు మళ్లీ మోడు. పదహారో రోజు పొద్దున నీళ్లు పోస్తుంటే, కోసిన చోటికి కొంచెం కింద, పాత ఆకు రాలిన మచ్చ పక్కన, బెరడు మీద ఆవగింజంత ఎరుపు కనబడింది. కళ్లజోడు తెచ్చుకుని చూశాను. ఒకటి కాదు, మూడు. ఆ ఒక్క మొద్దు మీదే మూడు. నాలుగేళ్లు రోజూ గిల్లినా రాని పంగ ఒక్క కోతతో వచ్చింది, ఎందుకంటే ఈసారి వెనుక ఏడాది పాటు ఆకులు కూడబెట్టిన బలం ఉంది.

అప్పుడు డిగ్రీలో బాటనీ చదువుతున్న మా అమ్మాయి దీని వెనుక ఉన్న శాస్త్రం చెప్పింది. కొమ్మ కొసన ఉన్న మొగ్గలో ఆక్సిన్ అనే రసం తయారై కిందికి దిగుతుంది, దాని వల్ల కింది మొగ్గలు నిద్రపోతాయి. కొస తీసేస్తే అవి మేలుకుంటాయి. 1933లో థిమాన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల కొసలు కోసి, కోసిన చోట ఆక్సిన్ రాస్తే పక్క మొగ్గలు మళ్లీ ఆగిపోవడం చూపించారట. కాబట్టి కొస తీయాలన్న మీ వ్యాసకర్త మాట అబద్ధం కాదు. ఎప్పుడు తీయాలన్నదే తప్పు. మేలుకున్న మొగ్గకు తినడానికి ఇంట్లో ఏమైనా ఉండాలి కదా.

ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించగలను. జపాన్‌లో మేపుల్ చెట్లకు చిగురు విప్పుకుంటుండగానే మధ్య కొసను తీసేస్తారు. అయితే అది కొమ్మలన్నీ తయారైన చెట్టుకు, కణుపుల మధ్య దూరం పెరగకుండా చేసే చివరి దశ పని. మన నర్సరీల్లో కొన్న మొక్కలు ఆ దశకు ఎన్నో ఏళ్ల దూరంలో ఉంటాయి. మనకు దగ్గరి పద్ధతి చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఉంది. లింగ్నాన్ శైలి అంటారు. కొమ్మను స్వేచ్ఛగా పెరగనిచ్చి, కావలసినంత లావయ్యాక పొట్టిగా కోసి, అందులోంచి వచ్చిన దాన్ని మళ్లీ పెరగనిచ్చి మళ్లీ కోయడం. అదీ వేడి ప్రాంతమే. మీ అనుబంధం దాని గురించి రాసి ఉంటే ఎంత బాగుండేది.

కోయడంలో నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తాను, మీరు ఉత్తరం కుదించవలసి వస్తే ఈ భాగాన్ని మాత్రం వదలకండి. మొదటి కొమ్మ, అది పుట్టిన చోట మాను లావులో సుమారు మూడో వంతు అయ్యేదాకా కత్తెర వద్దు. తర్వాత రెండు కణుపులు ఉంచి కోయాలి. చింతకు, మర్రి జాతికి చెందిన ఫైకస్‌కు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు మారి మారి వస్తాయి. ఏ ఆకు మొదట్లో మొగ్గ ఎటు చూస్తుందో కొత్త రెమ్మ అటే పోతుంది. కుడికో ఎడమకో చూసే మొగ్గను ఎంచుకుని దానికి అర సెంటీమీటరు పైన కోయాలి. ఫైకస్‌కైతే మిగిల్చిన ముక్క మీద కనీసం ఒక ఆకు ఉండాలి, లేకపోతే ఆ ముక్క వెనక్కి ఎండుకుపోయే ప్రమాదం ఉంది. చిగుళ్లు నాలుగు వచ్చినా రెండే ఉంచాలి. మిగతావి లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. గోటికి పని అక్కడ ఉంది. నిట్టనిలువుగా పైకి లేచేదీ, నేరుగా కిందికి దిగేదీ పనికిరావు. ఉంచిన రెండూ ఎనిమిది పది ఆకులు వేసి కాడ ఆకుపచ్చ పోయి గోధుమ రంగుకు తిరిగాక మళ్లీ రెండు కణుపులకు కోయాలి. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా ఐదుసార్లు చీలితే ఒక్క కొమ్మకు ముప్ఫై రెండు కొసలు. లెక్క ఎప్పుడూ అంత నిండుగా రాదు, కొన్ని ఎండుతాయి, కొన్ని మొండికేస్తాయి. మా చింతకు ఇప్పుడు పెద్ద కొమ్మలు ఆరు. మొన్న సంక్రాంతికి ఒక కొమ్మ కొసలు లెక్కపెడితే ఇరవై మూడు.

రెండే ఉంచాలని ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, 2013లో ఎడమ వైపు రెండో కొమ్మకు వచ్చిన నాలుగు చిగుళ్లూ ముద్దొచ్చి ఉంచేశాను. ఏడాది తిరిగేసరికి ఆ చోట ఉసిరికాయంత బొడిపె కట్టింది. కొమ్మ మొదట్లో సన్నం, మధ్యలో లావు. లైన్ల కింద నా చేత్తో చేసిన చెట్లే నా డాబా మీద ప్రత్యక్షమైనట్టు అనిపించింది. ఆ కొమ్మను బొడిపె కిందికి కోసి మొదటి నుంచి మొదలుపెట్టాను. అది మిగతా వాటిని అందుకోవడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది.

చెట్టు బలమంతా పైకే పోతుంది. నెత్తి మీద కోసినట్టే కింది కొమ్మలనూ కోస్తే కిందివి చనిపోతాయి. అందుకే పైన గట్టిగా, కింద మెత్తగా. కింది కొమ్మ లావెక్కాలంటే దాని కొసను పైకి చూసేటట్టు వదిలేయాలి, అది పరిగెత్తుతుంది. కొసను కిందికి వంచితే నెమ్మదిస్తుంది. తీగ చుట్టి వంచడం నా వృత్తికి దగ్గరి పని కాబట్టి ఒక మాట: లైన్లకు వాడే అల్యూమినియం పోగులు గట్టివి, వంచితే వెనక్కి తన్నుతాయి, లేత బెరడును ఒరుస్తాయి. మోటారు వైండింగ్ షాపులో దొరికే మెత్తని రాగి తీగ మంచిది. కొమ్మ లావులో మూడో వంతు తీగ, ఏటవాలుగా నలభై ఐదు డిగ్రీల్లో చుట్టాలి. వానాకాలంలో ఫైకస్ మీద అది నెల తిరగకముందే లోపలికి కోసుకుపోతుంది; వారానికోసారి చూసి, గీత పడేలోపు విప్పాలి. చింత ముదిరితే చేవ గట్టిది, వంగదు, విరుగుతుంది. పచ్చి రెమ్మలకే తీగ.

వెలుతురు సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని సందర్శకులకు మూసివేయక ముందు చాలాసార్లు చూశాను. ఏడు వందల ఏళ్లదని చెబుతారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. చెదలు పట్టిన ఆ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారని పత్రికల్లో చదివినప్పుడు ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు అనిపించింది. దాని కింద నిలబడి పైకి చూస్తే ఎక్కడా ఒక్క రెమ్మ ఉండదు. ఏనుగు కాళ్లలాంటి మానులు, ఊడలు, చీకటి. ఆకులన్నీ బయటి అంచున. నీడలో పడిన రెమ్మను చెట్టు వదిలేసుకుంటుంది. అంత పెద్ద చెట్టుకు అది న్యాయమే. అడుగున్నర చెట్టులో లోపలి రెమ్మలు పోతే మాత్రం వెనక్కి కోసుకోవడానికి మనకు చోటే మిగలదు. అందుకని దట్టమయ్యేకొద్దీ బయటి పెద్ద ఆకులు కొన్ని తీసి లోపలికి వెలుతురు పంపాలి, వారానికోసారి కుండీని పావు వంతు తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న ఫైకస్‌కు తొడిమ ఉంచి ఆకులన్నీ ఒకసారి కత్తిరించవచ్చు. ప్రతి తొడిమ మొదట్లోంచి కొత్త మొగ్గ లేస్తుంది, ఆకు చిన్నదవుతుంది. కుండీ మార్చిన ఏడాది అది చేయకూడదు. నీరసంగా ఉన్న చెట్టుకు ఎప్పుడూ చేయకూడదు.

కాలం విషయానికి వస్తే మన జిల్లాలకు మన కార్తెలున్నాయి. పెద్ద కోతకు మృగశిర. రోహిణి ఎండ తగ్గి తొలకరి పడ్డాక చెట్టుకు ఊపు వస్తుంది. మఖ, పుబ్బ వచ్చేసరికి కొత్త రెమ్మలు రెండో కోతకు తయారవుతాయి. హస్త దాటాక పెద్ద కోత వద్దు, చలికి మొగ్గలు సరిగా లేవవు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య చిగురు పొంగినప్పుడు చిన్న కోత ఒకటి చేయవచ్చు. భరణి, కృత్తిక, రోహిణి మూడింటిలో కత్తెర ముట్టుకోవద్దు. నల్గొండలో నలభై ఐదు డిగ్రీలు తాకే రోజుల్లో డాబా మీద పళ్లెమంత కుండీలో వేళ్లు ఉడికిపోతాయి. ఆకుపచ్చ నెట్ కింద, డాబాకు తగలకుండా ఇటుకల మీద పెట్టి, రెండు పూటలా నీళ్లు పోసి బతికించుకుంటే చాలు. మా బోరు నీళ్లతో కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని వారానికోసారి మట్టి కడిగినట్టు పోస్తాను. మట్టిలోనూ చలక మన్ను ఒక్కటే వేస్తే వానకు గట్టిపడుతుంది. జల్లించిన ఇటుక ముక్కలు, వాగు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. బోన్సాయ్ అంటే చెట్టును పస్తుపెట్టడమని కొందరు అంటారు, పస్తున్న చెట్టు పంగ వేయదని నా చింతే సాక్ష్యం.

ఇక మా వీధిలో అమ్మాయి సంగతి. ఇంటర్ రెండో సంవత్సరం. పుట్టినరోజుకు వాళ్ల నాన్న ఫైకస్ బోన్సాయ్ కొనిపెట్టాడు, గడ్డల్లాంటి లావు వేళ్ల మీద చిన్న ఆకుల కొమ్మలు అంటుకట్టి అమ్ముతారే, అది. మీ వ్యాసం చదివి, ఉగాది నుంచి రోహిణి దాకా వచ్చిన ప్రతి చిగురునూ తుంచింది. చెప్పినట్టు చేయడంలో ఆ పిల్ల లోపం ఏమీ లేదు. జూన్ మొదట్లో కుండీ ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. లోపలి రెమ్మలు గోటితో గీరితే పచ్చదనం లేదు. మూడు కొమ్మల్లో ఒకటి పూర్తిగా పోయింది. ఏం తప్పు చేశాను తాతా అని అడిగింది. నువ్వు చేయలేదమ్మా అన్నాను. కత్తిరించి దాచుకున్న మీ పేజీని తెచ్చి చూపించింది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది.

ఎండిన కొమ్మ తీసేసి, మిగతా రెండూ ముట్టుకోకుండా వదిలేయమన్నాను. ఇప్పుడు మఖ కార్తె నడుస్తోంది. పెద్ద కొమ్మ కొసన రెమ్మ ఒకటి జానెడు దాటింది. నిన్న సాయంత్రం ఫోను చేసి ఆకులు తొమ్మిదయ్యాయి, ఇప్పుడు కోయనా తాతా అని అడిగింది. కాడ రంగు ఎలా ఉందన్నాను. కింద కొంచెం గోధుమ రంగు, పైన ఇంకా పచ్చగానే ఉందంది. ఇంకో రెండు వారాలు ఆగమన్నాను. మీరు సవరణ వేస్తే ఆ పేజీ కూడా కత్తిరించి పాతదానికి పిన్ను కొట్టి పెట్టుకుంటానంది.

ఇట్లు
ఒక విశ్రాంత లైన్‌మన్
నల్గొండ